జనవరి ఇరవై లోగా

మా చర్చిలో విమలకుమారి అంటే నోరున్న మనిషి అని పేరు. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే. పులుసులో ఉప్పెక్కువైతే వండినవాళ్ళ ముందే చెబుతాను. ప్రసంగం గంట దాటితే పాస్టర్‌గారికి కనిపించేలా చెయ్యెత్తి వాచీ చూసుకుంటాను. అలాంటి నేను ఈ ఏడాది జనవరి నుంచి మార్చి దాకా నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. షాలేం రాజు గురించి చెప్పాలంటే ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి. ఆయన చేసిన పొరపాటులో నా వాటా కూడా ఉంది.

షాలేం రాజుది తణుకు దగ్గర చిన్న పల్లె. తండ్రి పాతిక గడపల సంఘానికి కాపరి. జీతమంటూ ఏమీ లేదు, విశ్వాసులు ఇచ్చిందే తిండి. ఆదివారం ఆరాధన అయ్యాక సంచి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడే పని కొడుకుది. ఒకరు చిల్లర వేసేవారు, ఒకరు శేరు బియ్యం పోసేవారు, ఒకరు పక్కకి చూస్తూ దాటిపోయేవారు. సోమవారం బడికి వెళితే పిల్లలు ఆయన్ని ‘కానుకల సంచి’ అని పిలిచేవారట. ఈ సంగతి ఆయన నాకు చెప్పింది ఒకే ఒక్కసారి, భార్యను సమాధి చేసి తిరిగి వస్తూ, నా కార్‌లో. “అక్కా, ఇంక ఈ జన్మలో నా చెయ్యి కిందకి ఉండకూడదనుకున్నాను” అన్నాడు. నేను రోడ్డు చూస్తూ డ్రైవ్ చేశాను. ఆ మాటని అప్పుడే గట్టిగా పట్టించుకుని ఉండాల్సింది.

ఆయన అమెరికాలో మేముండే ఈ రెడ్‌మండ్‌కి తిన్నగా రాలేదు. మొదట ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. భార్య ఉషా అక్కడ హాస్పిటల్‌లో నర్సు. కూతురు పర్సిస్ అక్కడే పుట్టింది. ఉషాకి శనివారాలు డ్యూటీ పడేది, ఆయనకీ ఆఫీసే, పిల్లను చూసుకునేవాళ్ళు లేరు. ఆ చుట్టుపక్కల ఎక్కడో పెద్ద గోడౌన్ లాంటి షెడ్డు లోపల మంచు పోసి కొండలా కట్టారట. శనివారం నాలుగు గంటలపాటు పిల్లలకు కాళ్ళకి పలకలు కట్టి మంచు మీద జారే స్కీయింగ్ నేర్పే క్లాసు ఉండేది. దాని ఫీజు బేబీసిట్టర్ కంటే తక్కువ. నాలుగేళ్ళ పిల్లని అక్కడ దింపి ఉషా డ్యూటీకి వెళ్ళిపోయేది. “బేబీసిట్టర్ ఖర్చు తప్పించుకోబోయి ఈ ఖర్చులో పడ్డామక్కా” అని తర్వాత్తర్వాత నాతో చెప్పి నవ్వేది.

పర్సిస్‌కి ఎనిమిదేళ్ళప్పుడు రెడ్‌మండ్ వచ్చారు. ఇక్కడ గంట డ్రైవ్ చేస్తే నిజమైన కొండలు, నిజమైన మంచు. పిల్ల ఆ కొండల మీదే పెరిగింది. పదమూడో ఏట తల్లి పోయింది. కేన్సర్. ఆ తర్వాత తండ్రీకూతుళ్ళ మధ్య మిగిలిన మాటలన్నీ స్కీల గురించే. గోడ మీది తల్లి ఫోటో కింద కూర్చుని ఇద్దరూ వేరే ఏం మాట్లాడుకునేవారో నేనెప్పుడూ వినలేదు.

అపార్ట్‌మెంట్ వెనక ఉన్న గరాజ్‌లో కారు ఉండేది కాదు. ఒక పొడుగాటి బల్ల, దాని మీద తిరగేసి బిగించిన స్కీ పలకలు ఉండేవి. షాలేం రాజు ఆకురాయితో వాటి ఇనుప అంచులు సానపట్టేవాడు. ఇస్త్రీపెట్టె వేడిచేసి, మైనం కరిగించి అడుగున పూసి, ఆరాక గీకేవాడు. పెద్ద ఆటగాళ్ళకి ఈ పని చేసిపెట్టడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటారట. ఈయన వీడియోలు చూసి నేర్చుకున్నాడు. మొదట్లో ఇంట్లో ఇస్త్రీపెట్టెతోనే మొదలుపెట్టాడు, దాంతో ఒక ఏడాదంతా ఆయన తెల్లచొక్కాల మీద మైనం మరకలు ఉండేవి. చర్చిలో ఆయన పక్కన కూర్చుంటే ఎండాకాలంలో కూడా క్రిస్మస్ కొవ్వొత్తుల వాసన వచ్చేది.

ఇప్పుడు డబ్బు సంగతి. నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది, మీకు రెండు ముక్కల్లో చెబుతాను. పర్సిస్ చేతిలో ఉన్నది బ్రిటన్ పాస్‌పోర్ట్. వీళ్ళకి గ్రీన్ కార్డ్ వచ్చి రెండేళ్ళే. అమెరికా జట్టుకి ఆడాలంటే అమెరికా పాస్‌పోర్ట్ కావాలి. అందుకని పిల్ల ఉండేది అమెరికాలో, పరిగెత్తేది బ్రిటన్ తరఫున. బ్రిటన్‌లో ఈ కొండల స్కీ పందాలకి పతకాలు వచ్చే ఆశ తక్కువ, పతకాలు రాని ఆటకి డబ్బూ తక్కువే. జట్టు జాబితాలో పేరుంటే జాకెట్ మీద జెండా ఉంటుంది. కోచ్, హోటల్, ప్రయాణం, స్కీలు, అన్నీ ఇంట్లోంచే. అక్కడి పిల్లలందరిదీ ఇదే గోలట. ఆన్‌లైన్‌లో విరాళాలు అడుగుతారట, ఊళ్ళో కొట్టువాళ్ళ పేర్లు హెల్మెట్ మీద అంటించుకుంటారట. షాలేం రాజు అవేవీ చెయ్యనివ్వలేదు. జీతం మొత్తం కొండ మీద పోశాడు. పర్సిస్ ఎండాకాలమంతా ఇండియన్ గ్రోసరీలో క్యాష్ కౌంటర్‌లో నిలబడేది. కొత్తిమీర కట్టలు స్కాన్ చేసే ఆ పిల్ల గంటకి అరవై మైళ్ళ వేగంతో మంచు మీద జారుతుందంటే కొనుక్కునేవాళ్ళెవరూ నమ్మేవారు కాదు.

పోయిన అక్టోబర్‌లో షాలేం రాజు కాంట్రాక్ట్ అయిపోయింది. కొత్తది దొరకలేదు. పర్సిస్‌కి ఇరవై ఒకటి. మార్చి ఆఖరికి ఆమె పాయింట్లు ఒక హద్దు లోపలికి తగ్గాలి. ఈ ఆటలో పాయింట్లు తగ్గడమే గొప్ప. తగ్గకపోతే జట్టు జాబితాలోంచి పేరు తీసేస్తారు. కోచ్, స్కీలు సానపట్టే మనిషి, ఉండడానికి గది, అన్నీ ఉన్న చిన్న ప్రైవేట్ జట్టు ఒకటి ఆమెకి చోటిస్తానంది. పద్దెనిమిది వేల డాలర్లు, జనవరి ఇరవై లోగా కట్టాలి. అంతే సంగతి.

నాకు తెలిసింది పర్సిస్ ద్వారా. తెలిశాక నేను ఊరుకుంటానా? పాస్టర్ వినయ్ కుమార్‌గారితో మాట్లాడాను. మా సంఘంలో నూటయాభై కుటుంబాలు. రెడ్‌మండ్, బెల్‌వ్యూ, బాథెల్ నుంచి వస్తారు, అందరివీ మంచి ఉద్యోగాలే. తలా వంద వేసినా చాలు. జనవరి రెండో ఆదివారం షాలేం రాజు ముందుకొచ్చి అవసరం చెబితే, ఆ వెంటనే ప్రత్యేక కానుక పట్టేలా మాట్లాడుకున్నాం. ఏం చెప్పాలో నేనే తెల్లకాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఇచ్చాను. ఆయన చదివి, నాలుగు మడతలు పెట్టి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. “చదువుతావు కదా?” అన్నాను. తల ఊపాడు. ఊపిన తల అవునన్నదో కాదన్నదో నేను సరిగ్గా చూసుకోలేదు.

ఆ ఆదివారం పాస్టర్‌గారు పిలిచారు. నల్లకోటులో షాలేం రాజు లేచి ముందుకెళ్ళాడు. పక్కన పర్సిస్, జెండా ఉన్న జాకెట్‌లో. ఆయన మైకు పట్టుకున్నాడు. చెయ్యి కోటు దాకా వెళ్ళి ఆగిపోయింది. అప్పుడన్నాడు:

“నా కూతురికి ఈ సీజన్‌కి కావలసిందంతా దేవుడు సమకూర్చాడు. ఏదీ కొదవ లేదు. దేవునికి స్తోత్రం.”

ముందు వరసలో రాధారాణిగారు గట్టిగా ఆమెన్ అన్నారు. ఆవిడకి ఎనభై రెండేళ్ళు, కూతురి దగ్గర ఉంటారు, మా సంఘానికంతా పెద్దావిడ. ఆవిడ అంటే అందరూ అన్నట్టే. హాలంతా ఆమెన్, చప్పట్లు.

తెలియనివాళ్ళకి చెప్పాలి. మాలో ఇదొక అలవాటు. ప్రార్థనలో అడిగినదానికి, అది చేతికి రాకముందే కృతజ్ఞత చెబుతాం. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళేముందే వీసా వచ్చినందుకు స్తోత్రం చెప్పిన పిల్లలు మా దగ్గర డజను మంది ఉన్నారు. అది అబద్ధం కాదు, విశ్వాసం. కానీ వాళ్ళు ముందు అవసరం చెప్పి, తర్వాత స్తోత్రం చెబుతారు. అందరికీ విషయం తెలుస్తుంది. షాలేం రాజు అవసరాన్ని మింగేసి స్తోత్రం ఒక్కటే బయటికి చెప్పాడు. ఆ వారంలోనే ఎక్కడినుంచో డబ్బు అందిందనుకున్నారు పాస్టర్‌గారు. ముఖం వెలిగిపోయింది. “అయితే ఈరోజు ప్రత్యేక కానుక కార్ యాక్సిడెంట్‌లో కాలు విరిగిన మానవ్‌కి ఇద్దాం” అన్నారు. మానవ్ మాస్టర్స్ చదివే కుర్రాడు, అతనికీ అవసరమే, కాదనను. సంచి నా ముందుకి వచ్చింది. నేను కూడా వేశాను.

నేను అప్పుడే లేచి “ఆగండి” అనాల్సింది. అనలేదు. ఎప్పుడూ తెరుచుకునే నోరు సరిగ్గా ఆ పూట ఎందుకు మూసుకుందో తెలియదు, ఇప్పటికీ నామీద నాకే కోపం.

పార్కింగ్‌లో పట్టుకున్నాను. సన్నగా వాన పడుతోంది.

“ఏంటయ్యా నువ్వు చేసింది? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!”

“విశ్వాసంతో చెప్పానక్కా.”

“కాగితం జేబులోనే ఉంది కదా! చదవడానికేం? అడగందే అమ్మైనా పెట్టదు, షాలేం.”

“దేవుడు అమ్మకంటే ఎక్కువ కదక్కా” అన్నాడు. గొంతులో పొగరు లేదు. నా ముఖం చూడలేక తడిసిన బూట్ల వైపు చూస్తున్నాడు.

నేను వెనక్కి తిరిగి హాల్లోకి పోబోయాను, పాస్టర్‌గారికి నిజం చెప్పేద్దామని. పర్సిస్ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఆంటీ, ప్లీజ్. చెప్పొద్దు.”

“నీ సీజన్ పోతుందే పిల్లా!”

“ఐ నో. బట్ ఇప్పుడు చెప్తే నాన్న చర్చిలో లయర్ అయిపోతారు. ఆయనకి ఈ చర్చ్ తప్ప ఇంకేం లేదు ఆంటీ. ఆఫీస్ కూడా లేదు ఇప్పుడు.” నా చెయ్యి వదలకుండానే, “నేను డ్రైవ్ చేసుకుని వెళ్తా. నాకు అలవాటే” అంది.

అలా ఆ పిల్ల నా నోటికి తాళం వేసింది.

ఆ తర్వాత ఆదివారాలు షాలేం రాజుకి ఎలా గడిచాయో నేను చూశాను. ప్రతి ఒక్కరూ వచ్చి చెయ్యి కలిపి అభినందించేవారు. “అంకుల్, పర్సిస్ మా పిల్లలకి ఇన్‌స్పిరేషన్” అనేవారు. “ఆదివారం పూట పందేలేంటమ్మా, శనివారం పెట్టుకోలేరూ?” అని ఆటపట్టించే రాధారాణిగారు కూడా “దేవుడే పంపుతున్నాడు, వెళ్ళనీ” అన్నారు. ఆయన నవ్వేవాడు. ఆరాధన తర్వాత అందరం కలిసి తినే ప్రేమవిందుకి ఆగడం మానేశాడు. బిర్యానీ వాసన వస్తుంటే కోటు వేసుకుని ఒక్కడే కార్ దాకా నడిచి వెళ్ళేవాడు. కష్టంలో ఉన్నవాడి పక్కన కూర్చోవడం మనకి తెలుసు. కష్టం తీరిందని అందరూ సంతోషిస్తుంటే, తీరని మనిషి పక్కన ఎవరు కూర్చుంటారు? నాకు తెలుసు కాబట్టి నేను కూర్చోవచ్చు. కానీ నేను దగ్గరకొస్తే ఆయన కళ్ళు దించుకునేవాడు. వెయ్యి డాలర్ల చెక్కు ఇవ్వబోతే రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టేసుకున్నాడు.

జనవరి ఇరవై వచ్చింది, పోయింది. ఆ చోటు వెర్మాంట్ అమ్మాయికెవరికో ఇచ్చారు. పర్సిస్ పాత వ్యాన్‌లో స్కీలు వేసుకుని ఒక్కతే బయల్దేరింది. యూటా, ఐడహో, కొలరాడో. నేనిచ్చిన పెట్రోల్ కార్డ్ మాత్రం తండ్రికి చెప్పకుండా తీసుకుంది. మోటెల్ గదుల నుంచి నాకు ఫోన్ చేసేది. ఏం తిన్నావంటే నూడుల్స్ అనేది. ఎవరితో మాట్లాడావంటే కాసేపు ఆలోచించి, “గ్యాస్ స్టేషన్‌లో ఒక అంకుల్‌తో” అనేది.

మార్చిలో ఆఖరి పందేలు మోంటానాలో. ఈసారి నేనూ వస్తానన్నాను. లీవ్ పెట్టి వ్యాన్ ఎక్కాను. దారిలో తొమ్మిది గంటలు. “ఆంటీ, ఈ సీట్‌లో ఈ సీజన్ ఎవరూ కూర్చోలేదు” అని సీటు మీద పెట్టిన హెల్మెట్ తీసి వెనక్కి వేసింది.

ఆ కొండ కింద నిలబడి చూశాకే నాకు తెలిసింది. ప్రతి జట్టుకీ పైన ఒక మనిషి ఉంటాడు. పిల్లలు బయల్దేరే ముందు విప్పిన జాకెట్లు సంచిలో వేసి కిందికి పంపుతాడు. పర్సిస్‌కి ఆ మనిషి లేడు. ఇంకో జట్టు కోచ్‌ని బతిమాలుకుంటుంది. ఆ రోజు పొగమంచులో ఆయన మరిచిపోయాడు. మొదటి పరుగు అయిపోయి కింద ఆగిన పిల్ల, ఒంటికి అతుక్కున్న పల్చటి సూట్‌లో గజగజా వణుకుతోంది. జాకెట్ కొండ పైన ఉంది. చుట్టూ మిగతా పిల్లల మీద తల్లులు, కోచ్‌లు దుప్పట్లు కప్పుతున్నారు. నేను పరిగెత్తాను. నా పొడుగుకోటు విప్పి వేశాను. రెండు చేతులతో ఒళ్ళంతా రుద్దాను.

“ఎన్నిసార్లు ఇలా అయింది?”

“కొన్నిసార్లు” అంది పళ్ళు కొట్టుకుంటూ. “ఇట్స్ ఓకే ఆంటీ. ఎలాగూ సెకండ్ రన్‌కి పైకి వెళ్ళాలి కదా.”

నా కోటు మోకాళ్ళ కింద దాకా వేలాడుతుంటే లిఫ్ట్ ఎక్కి వెళ్ళిపోయింది. నేను స్వెటర్‌తో నిలబడి ఏడ్చాను. సిగ్గేం లేదు, ఏడ్చాను. నూటయాభై కుటుంబాలున్న పిల్లకి జాకెట్ అందించే ఒక్క చెయ్యి లేదు.

రెండో పరుగు బాగానే చేసింది. పడలేదు, దారిలో పాతిన గేటు ఒక్కటీ తప్పలేదు. తొమ్మిదో స్థానం. పాయింట్లు తగ్గాయి, కానీ హద్దుకి ఒకటిన్నర పాయింట్ల ఇవతలే ఆగిపోయాయి. అది ఆఖరి పందెం.

తిరుగు దారిలో తండ్రికి స్పీకర్ మీద ఫోన్ చేసింది.

“అంచులు పట్టాయా?” అన్నాడు షాలేం రాజు.

“పట్టాయి నాన్న. ఐస్ మీద కూడా. వెరీ గుడ్.”

“మైనం?”

“పర్ఫెక్ట్.”

“మరి?”

“పాయింట్ అండ్ హాఫ్, నాన్న. రాలేదు.”

“స్కీలు తుడిచి పెట్టావా? తడి ఉంటే తుప్పు పడతాయి” అన్నాడు.

“తుడిచాను” అంది. ఫోన్ పెట్టేసి నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో నేను గమనించలేదు. వ్యాన్ పక్కకి ఆపించి, మిగతా దారి నేను నడిపాను.

ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం. పిల్లలు కొని తెచ్చిన తాటాకుల్లాంటి ఆకులు పట్టుకుని పాటలు పాడుతూ హాలంతా తిరిగారు. తర్వాత పాస్టర్ వినయ్ కుమార్‌గారు మైకు తీసుకున్నారు. “జనవరిలో దేవుడు మన షాలేం రాజుగారి కుటుంబానికి చేసిన మేలు మీకు గుర్తుంది. సీజన్ ముగించుకుని పర్సిస్ తిరిగొచ్చింది. ఇప్పుడు సాక్ష్యం చెబుతుంది.”

పర్సిస్ లేవబోయింది. ఏం చెబుతుంది పాపం! తండ్రిని కాపాడాలంటే అబద్ధమాడాలి. ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి షాలేం రాజు లేచాడు. అదే నల్లకోటు. ముందుకెళ్ళి, లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. నేను రాసిచ్చిందే. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, ఎన్నిసార్లు తీసి చూసుకున్నాడో! కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

“సంఘానికి వందనాలు. నా కూతురు పర్సిస్ బ్రిటన్ తరఫున స్కీ పందేలు ఆడుతోంది. నా ఉద్యోగం పోయింది. జనవరి ఇరవై లోగా పద్దెనిమిది వేల డాలర్లు కట్టకపోతే కోచ్ ఉన్న జట్టులో ఆమెకి చోటు దొరకదు. నేను ఒక్కణ్ణి కట్టలేను. మీకు వీలైనంత సహాయం చెయ్యమని అడుగుతున్నాను.”

ఒక్క అక్షరం మార్చకుండా చదివాడు. చదివి కాగితం మళ్ళీ మడిచాడు. హాల్లో ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టర్‌గారు నా వైపు చూశారు, నేను తల దించుకున్నాను. పర్సిస్ తండ్రినే చూస్తోంది. పిల్లలు ఆకులు ఊపడం కూడా ఆపేశారు.

ముందు వరసలో రాధారాణిగారు కర్ర ఆనించుకుని సగం లేచారు.

“జనవరి ఇరవై ఎప్పుడో అయిపోయింది కదయ్యా?”

“అయిపోయిందమ్మా” అన్నాడు షాలేం రాజు. “అందుకే అడగగలిగాను.”